పార్కుకి వారం రోజులెందుకండీ?

రిటైరయిన మర్నాడు పొద్దున్నే వరండాలో కాఫీ తాగుతూ మా ఆవిడతో అన్నాను: "నేషనల్ పార్కుకి వెళ్దాం. వారం రోజులు."

ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. "పార్కుకి వారం రోజులెందుకండీ? బెజవాడలో బస్టాండుకి దగ్గర్లోనే ఉందిగా ఒకటి. పొద్దున బస్సెక్కితే దీపాలవేళకి ఇంట్లో ఉండొచ్చు," అంది.

ఆ పార్కు కాదు మహాతల్లీ అనబోయి, పుస్తకంలో మాట చెబితే నయమేమోనని "జాతీయ ఉద్యానవనం" అన్నాను. అది ఇంకా పెద్ద పొరపాటు. ఉద్యానవనం అనేసరికి ఆవిడ కళ్లముందు గులాబీ మళ్లు, నీళ్లు చిమ్మే ఫౌంటెను, పాత సినిమాలో కథానాయిక ఊగే పూల ఉయ్యాల వరసగా కదిలినట్టున్నాయి, మొహం విప్పారింది. "అక్కడ పులులుంటాయి, ఏనుగులుంటాయి" అని నేను సర్దబోతే, "తోటలోకి ఏనుగులొస్తుంటే తోటమాలి ఏం చేస్తున్నాడూ?" అని నిలదీసింది.

తప్పు ఆవిడది కాదు. అడవికి ఉద్యానవనమని పేరు పెట్టినాయన ఎవరో గానీ, అడవి మొహం చూసి ఉండడు. మా కృష్ణా డెల్టా మనిషే అయ్యుంటాడని నా అనుమానం.

మా పామిడిముక్కల చుట్టుపక్కల అడవి అనేది లేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పడ్డాక, నీరెక్కిన ప్రతి జానెడు నేలా మాగాణైపోయింది. చెట్లంటే మాకు కాలవ గట్టు మీద తుమ్మలు, చేలగట్ల మీద తాళ్లు, కొబ్బరి, ఇంటి ముందు వేప. క్రూరమృగమంటే, చెరుకు కొట్టే రోజుల్లో ఉయ్యూరు రోడ్డు మీద రాత్రిపూట వెనక దీపం లేకుండా పోయే ట్రాక్టరు. దానికి మించిన ప్రాణభయం మా మండలంలో ఎవరికీ తెలియదు.

అలాంటి ఊళ్లో పుట్టి, అలాంటి ఊళ్లలోనే 33 ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పాను. వన్యప్రాణుల పాఠం ఏటా వచ్చేది. ఏటా బోర్డు మీద "ఒంటికొమ్ము ఖడ్గమృగం, కాజీరంగా, అస్సాం" అని రాసి పక్కన బొమ్మ గీసేవాణ్ణి. నా బొమ్మని పిల్లలు ఒక ఏడాది గేదె అన్నారు, ఒక ఏడాది పంది అన్నారు, ఒక ఏడాది మా హెడ్మాస్టారన్నారు. బండి అలా సాగిపోతుండగా, చివరి ఏడాది ఏడో తరగతిలో ముందు బెంచీ పిల్ల లేచి నిలబడి, "మాస్టారూ, మీరు చూశారా?" అంది.

"ఏమిటి?"

"ఖడ్గమృగాన్ని."

33 ఏళ్లలో ఆ మాట అడిగిన వాళ్లు లేరు. "కూర్చో" అన్నాను. మా వృత్తిలో జవాబు తెలియని ప్రశ్నలన్నిటికీ జవాబు అదే. ఆ పిల్ల కూర్చుంది గానీ, ప్రశ్న మాత్రం నిలబడే ఉండిపోయింది. ఇంటికొచ్చినా, అన్నం తింటున్నా, ఎదురుగా నిలబడి చూస్తూనే ఉంది.

అందుకే కాజీరంగా. దాని గురించి దొరికిందల్లా చదివాను. 1974లో నేషనల్ పార్కు అయింది. 1985లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 2022 మార్చిలో లెక్కబెడితే 2,613 ఖడ్గమృగాలు తేలాయి. ఊరికే ఉండలేక, పార్కుకి మొదట్లో గీసిన హద్దుల్లోని 430 చదరపు కిలోమీటర్లని మనకి అర్థమయ్యే కొలతలోకి మార్చాను. లక్షా ఆరు వేల ఎకరాలు. అంటే సుమారు 40 ఎకరాలకొక ఖడ్గమృగం. మా వైపు 40 ఎకరాల ఆసామి అంతకంటే అరుదు.

ఈ లెక్క మా బావమరిదికి చెప్పడం నా రెండో పొరపాటు. వాడిది గుడివాడ. స్థలాల బేరాలు చేస్తుంటాడు. ఏ ఊరి పేరు చెప్పినా అక్కడ గజం ఎంతో చెబుతాడు, గుడి పేరు చెబితే గుడి వెనక వీధిలో గజం ఎంతో చెబుతాడు.

"లక్షా ఆరు వేల ఎకరాలా! నీటి వసతుందా బావా?"

"పక్కనే బ్రహ్మపుత్ర."

"అంత నీళ్లు పెట్టుకుని బీడు వదిలేశారా?" వాడి గొంతులో నిజమైన బాధ పలికింది. కాసేపు కళ్లు మూసుకుని, "రోడ్డు బిట్టు ఉందా?" అన్నాడు.

జాతీయ రహదారి పార్కు దక్షిణపు అంచునే పోతుందని ఉన్న నిజం చెప్పాను. ఆ రాత్రి వాడికి నిద్ర పట్టలేదని మర్నాడు వాళ్లావిడ మా ఆవిడకి ఫోన్లో చెప్పింది. ఆ వెంటనే, తామూ వస్తున్నామని కూడా చెప్పింది.

ఇక ప్రయాణం సంగతి. మన బెజవాడ మీదుగానే కన్యాకుమారి, దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ పోతుంది. నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు నడిచే బండి, దేశంలో అంత దూరం పోయేది మరోటి లేదు. దాన్లో ఎక్కితే దాదాపు రెండు రోజులకి గువాహటి. అక్కణ్ణుంచి రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. పోను రెండు, రాను రెండు పోగా చేతిలో మూడు రోజులు. మూడు రోజుల్లో పొద్దున ఏనుగు సఫారీ, మధ్యాహ్నం జీపు సఫారీ, ఒకరోజు కోహోరా, ఒకరోజు బాగోరీ, ఒకరోజు అగరాతోలి. ఎర్ర సిరాతో గళ్లు గీసి పట్టిక వేశాను. పరీక్షల డ్యూటీ చార్టు వేసిన చెయ్యి కదా, ముచ్చటగా వచ్చింది.

మా ఆవిడ పట్టిక చూసి, "గువాహటి అంటే కామాఖ్య అమ్మవారున్న ఊరు కాదూ?" అంది.

అంతే. ఆ మాటతో యాత్ర నా చేతిలోంచి జారి ఆవిడ కొంగున పడింది.

అష్టాదశ శక్తిపీఠాల చిట్టా ఆవిడకి కంఠతా వచ్చు. రైలు దారిని దాని మీద పరిచింది. సామర్లకోటలో దిగితే ఇటు ద్రాక్షారామం, అటు పిఠాపురం, రెండు పీఠాలు ఒకే పూటలో అయిపోతాయి. ఒడిశాలో జాజ్‌పూర్ గిరిజాదేవి. ఒడిశా వెళ్లి పూరీ జగన్నాథుణ్ణి చూడకుండా వస్తే, చూడనందుకు ఒక పాపం, దగ్గరదాకా వెళ్లినందుకు ఇంకో పాపం. కలకత్తా కాళిక మన చిట్టాలో లేకపోయినా, "అటుగా పోతూ పలకరించకపోతే ఏం బావుంటుంది?" పలకరించాల్సిన బంధువుల ఇళ్లలాగే దేవుళ్లు కూడా దారి పొడుగునా పేరుకున్నారు. నేను నా పట్టికని దిద్ది, దిద్ది, చివరికి కూడిక వేసి చూస్తే, వారంలో 168 గంటలు. రైళ్లకి, బస్సులకి, క్యూలకి, స్నానాలకి, ప్రసాదాలు పంచుకోవడానికి పోగా కాజీరంగాకి మిగిలింది గంటా యాభై నిమిషాలు. అందులో గంట జీపువాడితో బేరానికి పోతుంది.

ఈ కాజీరంగాకి ఒక కథ చెప్పుకుంటారు. 1904లో వైస్రాయి కర్జన్ భార్య ఖడ్గమృగాన్ని చూద్దామని ముచ్చటపడి అక్కడికి వెళ్లిందట. గిట్టల జాడలు తప్ప జంతువు కనబడలేదు. ఆవిడ తిరిగొచ్చి మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా, 1905లో ఆ అడవిని కాపాడే పని మొదలైందట. భార్య పోరితే భర్త అడవిని నిలబెట్టాడు. మా ఇంట్లో పోరు నాది, నిలబెట్టడం మానడం ఆవిడది. అదొక్కటే తేడా.

సరే, ఎప్పుడు వెళ్లాలి? ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. బ్రహ్మపుత్ర పొంగితే ఆ పార్కు చాలాభాగం నీట మునుగుతుంది. వరదొస్తే మనం కరకట్ట ఎక్కినట్టు అక్కడ జంతువులు రోడ్డు దాటి కర్బీ కొండలెక్కుతాయి. అందుకని వానాకాలం ముందు మూసేసి, అక్టోబరులో విడతల వారీగా తెరుస్తారు. చూడవలసిన నెలలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

ఆ నెలలే మాకు పనికిరావు. నవంబరు, డిసెంబరు కోతలు. నా మూడెకరాలు కౌలుకిచ్చాను గానీ, పొద్దునొకసారీ సాయంత్రమొకసారీ గట్టు మీద నిలబడకపోతే వరి పండదని నా నమ్మకం, నిలబడితే కౌలురైతుకి చిరాకు. కోతకి ముందే చేలో మినుములు చల్లాలి. జనవరిలో సంక్రాంతి, పిల్లలొస్తారు. అది దాటితే మాఘమాసం, ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరనాళ్ల 15 రోజులు. ఆ రోజుల్లో ఊరు వదిలి వెళ్లిన వాళ్ల గురించి ఊరు ఏమనుకుంటుందో మీకు తెలియదు. మాఘం పెళ్లిళ్లు, వాటి మీద శివరాత్రి, మినుము నూర్పిడి, మనవడి పరీక్షలు, ఉగాది, శ్రీరామనవమి. మాకు కాస్త కాళ్లు చాపుకునే తీరిక దొరికేది ఎండాకాలం సెలవుల్లో. సరిగ్గా అప్పుడే కాజీరంగా గేటుకి తాళం. అస్సాం అటవీశాఖ వాళ్లు కృష్ణా జిల్లా పంచాంగం ముందు పెట్టుకుని తేదీలు నిర్ణయిస్తారని నాకు గట్టి అనుమానం.

ఎలాగో ఒక ఫిబ్రవరి చివరి వారం ఖాళీ కనిపెట్టాను. దాన్ని కనిపెట్టడానికి రెండు పెళ్లిళ్లకి చదివింపులు ముందే పంపి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఇక టికెట్లు. ఇదివరకు రైలు టికెట్టు 120 రోజుల ముందు తీసుకునే వీలుండేది. 2024 నవంబరు నుంచి 60 రోజులకి కుదించారు. జనం ముందుగా తీసి రద్దు చేసుకుంటున్నారని కారణం చెప్పారు. మా కుటుంబం రద్దు చేసుకునే దశకి కూడా రాలేదు, ఎంతమందో తేలితే కదా.

మొదట ఇద్దరం. బావమరిదీ వాళ్లావిడా కలిస్తే నలుగురు. బందరు నుంచి మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, ఫోను చేసి, "అందరూ వెళ్తున్నారట, మాకు చెప్పలేదే" అన్నారు. చెప్పలేదన్న నింద తుడిచేసుకోవడానికి ఆరుగురం అయ్యాం. మా తోడల్లుడుగారికి షుగరు, వేళకి అన్నం పడాలి, అక్కడ అన్నం దొరుకుతుందా అన్న ప్రశ్న వచ్చింది. అస్సాం వాళ్లు మనకంటే ఎక్కువ అన్నం తింటారు, అది వరి పండే దేశమే అని చెప్పాను. "అన్నం ఉంటుంది సరే, చారుంటుందా?" అన్నారాయన. దానికి నా దగ్గర సమాధానం లేదు. కూర్చోమనడానికి ఆయన అప్పటికే కూర్చుని ఉన్నారు.

చారు సమస్యకి బావమరిది పరిష్కారం చెప్పాడు. వంటవాణ్ణి తీసుకెళ్దాం. మన వైపు కాశీ యాత్ర బస్సుల్లో చేసినట్టే, గ్యాసు స్టవ్వు, కుక్కరు, పాతిక కిలోల బియ్యం బస్తా, కందిపప్పు, చింతపండు, ఆవకాయ, గోంగూర జాడీలు. వంటవాడొస్తే కూరలు తరగడానికి ఒక మనిషి కావాలి. ఇంత సామానుతో రైలెందుకు, బస్సే మాట్లాడేద్దాం అన్నాడు. బస్సు మాట్లాడితే 35 సీట్లు నిండాలి. సీట్లు నింపడానికి మా వదినగారు బందరులో భజన బృందాన్ని అడుగుతానన్నారు.

ఖడ్గమృగాన్ని చూద్దామని నేననుకుంటే, ఖడ్గమృగాలే మమ్మల్ని చూడ్డానికి వచ్చేలా తయారైంది వ్యవహారం. గోంగూర పోపు వాసనకి 2,613లో సగమైనా రోడ్డెక్కవూ?

ఇంత పెద్ద యాత్రకి ముందు ఒక రిహార్సలు ఉండాలని మా అబ్బాయి హైదరాబాదు నుంచి సలహా ఇచ్చాడు. "మన కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి కదా నాన్నా, అది అభయారణ్యమే. బావురుపిల్లి ఉంటుంది, అదేం తక్కువ జంతువా?" అన్నాడు. నిజమే. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం 1989 నుంచీ ఉంది, సుమారు 195 చదరపు కిలోమీటర్లు, నాగాయలంక అవతల. మాకు అడవి లేదని ఇందాక అన్నమాట అంతమేరకు వెనక్కి తీసుకుంటున్నాను. ఉంది, గానీ నీళ్లలో ఉంది. బావురుపిల్లి చేపలు పట్టి తింటుంది, ఈత కొడుతుంది, రాత్రిళ్లు తిరుగుతుంది. రొయ్యల చెరువుల రైతులాంటి జంతువు.

సంక్రాంతి సెలవుల్లో కనుమ మర్నాడు ఒక వ్యాను కట్టించుకుని పదకొండుమందిమి నాగాయలంక చేరాం. రేవులో పడవ మాట్లాడుకున్నాం. పొద్దున్నే మంచు పొగలాగా నీటిమీద తేలుతోంది. పడవ పాయలోకి తిరిగాక రెండు వైపులా మడ చెట్లు దగ్గరికొచ్చాయి. బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఎవరో పనిగట్టుకుని వేలకొద్దీ పెన్సిళ్లు గుచ్చినట్టు. వాటి మధ్య ఎర్ర డెక్కల పీతలు. మేం దగ్గరికి వెళ్లగానే ఒక్క పెట్టున బొరియల్లో దూరాయి, బెల్లు కొట్టగానే క్లాసులో దూరే పిల్లల్లాగా. నీళ్లలోంచి నీరుకాకి ఒకటి లేచి కొమ్మ మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఈ వేళ్లు గాలి పీల్చుకోడానికి పైకొస్తాయి. బురదలో ఆక్సిజన్..." అని మొదలుపెట్టాను.

"బావా, ఇది కొట్టేసి చెరువు తవ్వితే ఎకరానికి రొయ్య ఎన్ని టన్నులు దిగుతుందంటావ్?" అన్నాడు బావమరిది.

పడవ నడిపే అతను తెడ్డు ఆపి వాడి వంక చూశాడు. "ఉప్పెనొస్తే ఈ మడే అండీ అడ్డం. ఇది లేకపోతే మీ చెరువూ ఉండదు, మేమూ ఉండం," అన్నాడు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తెలిసిన గడ్డ అది. అటుపైన వాడు టన్నుల మాట ఎత్తలేదు. నా 33 ఏళ్ల పాఠాల్లో అంత పొట్టిది, అంత పనిచేసినది ఒక్కటీ లేదు.

బావురుపిల్లి కనబడలేదు. రాత్రి తిరిగే జంతువు పగలు పదకొండుమంది మాటల మధ్య ఎందుకు కనబడుతుంది? పులి అన్న మాట ఆ రోజు వినబడింది పులిహోర పొట్లాలు విప్పినప్పుడే. కానీ రేవుకి తిరిగొచ్చాక, చేపల బుట్టల దగ్గర బూడిదరంగు పిల్లి ఒకటి చటుక్కున జెల్లని నోట కరుచుకుని దిబ్బ ఎక్కింది. మా మనవడు ఎగిరి గంతేసి, "తాతయ్యా, ఫిషింగ్ క్యాట్!" అని అరిచాడు. సరిచేద్దామని నోరు తెరిచి, మూసేసుకున్నాను. అది పిల్లి, అది చేప పట్టింది. శాస్త్రం ప్రకారం కాకపోయినా మాట ప్రకారం వాడిదే సరి.

రిహార్సలు నుంచి ఇంటికొచ్చాక లెక్క చూస్తే ఒక్క పూటకే పెన్షన్లో పదోవంతు పోయింది. కాజీరంగా బస్సు మాట మెల్లగా చల్లారింది. మా అబ్బాయి మళ్లీ ఫోన్లోకొచ్చాడు. "అంత దూరం ఎందుకు నాన్నా, మన దగ్గర నేషనల్ పార్కులు లేవా?" అని వరస చెప్పాడు. జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు నేషనల్ పార్కేనట. వాడు రోజూ పొద్దున షూ వేసుకుని అక్కడే నడుస్తాడట. "అంటే నువ్వు రోజూ నేషనల్ పార్కుకి వెళ్తున్నావా?" అంటే, "నెమళ్లు కూడా ఉంటాయి" అన్నాడు. చిలుకూరు దగ్గర మృగవని, అదీ నేషనల్ పార్కే, 1994 నాటిది. "చిలుకూరా? వీసా బాలాజీ దర్శనం కూడా అయిపోతుంది," అంది వెనకనుంచి మా ఆవిడ. ప్రొద్దుటూరు వైపు రామేశ్వరంలో రాజీవ్ గాంధీ నేషనల్ పార్కు ఉంది, మొత్తం 2.4 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో ఆరొందల ఎకరాలు. "వారమెందుకు, గంటలో ప్రదక్షిణం చెయ్యొచ్చు," అందావిడే.

పోనీ పాపికొండలు? 2008లో నేషనల్ పార్కయింది, వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైనే. పులుల అడవి. కానీ మనవాళ్లకి పాపికొండలంటే గోదారి మీద లాంచీ. లాంచీ ఎక్కితే మొదట గండి పోశమ్మ గుడి, తర్వాత పేరంటాలపల్లి శివాలయం, మధ్యలో భోజనం, ఆ పైన మైకులో పాటలు. అటూ ఇటూ కొండల మీద ఉన్నది నేషనల్ పార్కని లాంచీలో ఎవరూ అనుకోరు, అనుకోవాల్సిన అవసరమూ పడదు.

అప్పుడు నాకొకటి తట్టింది. మనవాళ్లకి అడవి కావాలంటే అందులో ఒక దేవుడుండాలి. దేవుడు లేని అడవికి టికెట్టు తీయడం మాకు చేతకాదు. ఇది నింద కాదు. దేవుడున్నందుకే నిలిచిన చెట్లు కూడా చాలా ఉన్నాయి.

ఇలా నేను తత్వంలో ఉండగా మా ఆవిడ అసలు కబురు బయటపెట్టింది. నా పెన్షను కాగితాలు ఒక ఆఫీసులో, పేరెందుకు లెండి, అయిదు నెలలు కదలకుండా కూర్చున్నాయి. ఆ రోజుల్లో ఆవిడ ఏడుకొండలవాడికి మొక్కుకుందట. కాగితాలు కదిలితే కుటుంబంతో సహా మెట్లెక్కి వచ్చి తలనీలాలిస్తామని. తలనీలాలెవరివి అని అడిగాను. "మీవే. పెన్షను మీదేగా," అంది. మొక్కు ఆవిడది, జుట్టు నాది. అదైనా స్వామివారికి ఆనేంత లేదు. కానీ ఈ మొక్కు తీరకుండా ఇంకే యాత్రా చెయ్యకూడదన్నది ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం.

ఇక చూడండి. అస్సాం వెళ్లడానికి ఎంతమందో ఆర్నెల్లకీ తేల్చుకోలేని మా వాళ్లు, ఒక్క సాయంత్రంలో పదకొండుమంది పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు కాగితం మీద పెట్టారు. 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందు ఆన్‌లైన్లో వదులుతారు. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకే బావమరిది రెండు ఫోన్లు, నావొకటి, బందరులో వదినగారి అమ్మాయి లాప్‌టాప్, హైదరాబాదులో మా అబ్బాయి ఆఫీసు కంప్యూటరు. పదింటికి గేటు తెరిచారు. యుద్ధంలో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. పదీ పన్నెండుకి "వచ్చేశాయ్!" అని గుడివాడ నుంచి కేక. అది ఫోను లేకపోయినా వినబడేది. కోతలు, మినుములు, పెళ్లిళ్లు, పరీక్షలు, అన్నీ వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి. చారు సంగతి ఎవరూ అడగలేదు. తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం, కంచి, అరుణాచలం కలుపుకుంటే మొత్తం యాత్ర ఎన్ని రోజులు తేలిందనుకున్నారు? ఏడు.

అలిపిరిలో తెల్లవారుజామునే మెట్లెక్కడం మొదలుపెట్టాం. 3,550 మెట్లు. మొదటి అయిదొందల మెట్లు బావమరిది గోవిందనామాలు అందరికంటే గట్టిగా చెప్పాడు. వెయ్యి దగ్గర మెల్లగా చెప్పాడు. ఆపైన మోకాళ్ల పేర్లు చెప్పాడు. జింకల పార్కు కంచె దగ్గర మనవడు క్యారెట్టు ముక్క పట్టుకుని ఆగిపోతే, వాడి కోసం నేనూ ఆగాను. అక్కడికి కొంచెం అవతల, అడవి అంచున, పచ్చరంగు బోర్డు ఒకటి. సగం మీద తీగ పాకింది. వయసు మీద పడ్డాక బోర్డులు చదివే అలవాటు నాకు. కళ్లద్దాలు తుడుచుకుని చదివాను.

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం.

మెట్టు మీద చతికిలపడ్డాను. ఆయాసం వచ్చిందనుకుని మా ఆవిడ నీళ్ల సీసా ఇచ్చింది. 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు. ఎప్పుడో పోటీ పరీక్షల పుస్తకంలో చదివి, పిల్లల చేత వల్లె వేయించి, ఎక్కడుందో మాత్రం ఆలోచించని పేరు. చిరుతలున్న అడవి, రేచుకుక్కలున్న అడవి, దేవాంగపిల్లి, రాళ్ల సందుల్లో బంగారు బల్లి, ఎర్రచందనం. 2023లో చిరుత దాడులు జరిగాక నడకదారి భక్తుల చేతికి కర్రలిచ్చింది ఈ దారిలోనే. అప్పుడు పేపర్లో చదివి, "అయ్యో, గుడి దారిలోకి చిరుతలొస్తున్నాయే" అనుకున్నాను. చిరుతలు వాటి పార్కులోనే ఉన్నాయి, వచ్చింది మనం.

కూర్చున్నచోటే లెక్క వేశాను. పెళ్లయినప్పట్నుంచి 27 సార్లు కొండకొచ్చాం. అందులో 1987లో కొత్తజంటగా వచ్చినప్పుడు ఇది ఇంకా పార్కు కాలేదు. అది తీసేస్తే 26 సార్లు నేషనల్ పార్కుకి వెళ్లొచ్చినవాణ్ణి, ఒక్క జంతువునీ చూడకుండా. ఆ విషయంలో వైస్రాయిగారి భార్యకంటే పాతిక సార్లు ముందున్నాను.

"అయితే ఉద్యానవనం అంటే ఇదేనా?" అంది మా ఆవిడ, బోర్డు వంకా చెట్ల వంకా మార్చి మార్చి చూసి. "ఈ మాట ముందే చెబితే ఆర్నెల్ల కిందటే వచ్చేవాళ్లం కదండీ."

బావమరిది వెనకనుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వచ్చి, బోర్డు చదివి, చెప్పులు లేని కాళ్లతో కాసేపు అలాగే నిలబడ్డాడు. 353 చదరపు కిలోమీటర్లంటే ఎన్ని ఎకరాలని అడగలేదు. కళ్లు మూసుకుని లెంపలు వేసుకున్నాడు.

మొన్న వీరంకిలాకు సెంటర్లో ఆ పిల్ల కనబడింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. సైకిలు ఆపి నమస్కారం పెట్టి, నున్నటి నా గుండు వంక ఒక క్షణం చూసి, "మాస్టారూ, మీరు అస్సాం వెళ్తున్నారని మా నాన్న చెప్పాడు. చూశారా?" అంది. నడిరోడ్డు మీద కూర్చోమనడానికి లేదు. "అక్టోబరులో తెరుస్తారమ్మా" అన్నాను.

ఇది సెప్టెంబరు చివర. కాజీరంగా గేట్లు తీసే వేళయింది, ఇక్కడ మా చేను పొట్ట మీదుంది. మా ఆవిడ కామాఖ్యకి కొత్తగా ఏదో మొక్కుకున్నట్టు వినికిడి, నాకు ఆశ పుట్టింది. ఈలోగా మా వైపు నుంచి ఎవరైనా కాజీరంగా వెళ్లి ఖడ్గమృగాన్ని చూసొస్తే, మీకు పుణ్యముంటుంది, ఆ పిల్లకి మాత్రం చెప్పకండి.